బొమ్మ వచ్చిందా?

మొన్న నీళ్ళ ట్యాంకు కడిగించడానికి మేడ ఎక్కాను. పక్కింటివాళ్ళ మేడ మీద, విరిగిన కుర్చీల వెనకాల, ఒక పాత టీవీ యాంటెన్నా ఇంకా నిలబడే ఉంది. రెండు పుల్లలు ఊడిపోయాయి. మిగిలినవాటి మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. అయినా దాని మొహం ప్రసారాలొచ్చే బెజవాడ వైపు నుంచి అంగుళం కూడా కదల్లేదు. దాన్ని బిగించిందెవరో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. ఏలూరులో ఇన్ని గాలివానలకి తిరగని యాంటెన్నా ఉందంటే అది ఆయన కట్టిందే.

ఆయన పోయిన సంగతి అంతకు నెల ముందే టీకొట్టాయన చెప్పాడు. గ్లాసులు కడుగుతూ, "మీ సాయిబుగారు పోయారంటగదండీ," అన్నాడు. "అలాగా," అన్నాను. టీ తాగి, బండెక్కి, పనిలోకి పోయాను. కంట తడి కూడా రాలేదు. నెల తరవాత ఆ తువ్వాలు ఆరేసిన యాంటెన్నాని చూసి, ట్యాంకు కడిగే మనిషి ఎదురుగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. "ఏవయిందండీ, కంట్లో బ్లీచింగు పడిందా?" అన్నాడతను. పడిందనే చెప్పాను.

ఊరంతా ఆయన్ని యాంటెన్నా సాయిబుగారనేది. అసలు పేరేమిటో నాకు తెలిసింది ఆయన సిమ్ము దరఖాస్తు చూసినప్పుడే. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా, అది ఆయనేనని ఊళ్ళో ఒక్కరూ గుర్తుపట్టరు.

సన్నటి మనిషి. నడిచేటప్పుడు ఎదరకి చూసేవారు కాదు, మేడల పైకి చూసేవారు. అందుకని ఏలూరు వీధుల్లో ఎక్కడెక్కడ రాయి లేచి ఉందో ఆయన బొటనవేలికి బాగా తెలుసు. ఎవరైనా పలకరిస్తే ముందు వాళ్ళ తల మీదుగా ఎక్కడో చూసి, ఆ తరవాత నెమ్మదిగా మొహంలోకి దిగేవారు. మనుషులకే కాదు, ఇనప గొట్టానికీ మర్యాదే. "కాస్త ఇటు తిరగండి తల్లీ, మరికాస్త, ఆఁ," అని బతిమాలుతూ తిప్పేవారు.

నా ఈడువాళ్ళకి ఆ తంతు చెప్పక్కర్లేదు. టీవీ కింద గదిలో, ఆయన పైన మేడ మీద. గొట్టం పట్టుకుని తిప్పుతూ "బొమ్మ వచ్చిందా?" అని కేకేసేవారు. గదిలో ఉన్నవాళ్ళు గుమ్మంలో ఉన్నవాళ్ళకి, గుమ్మంలో ఉన్నవాళ్ళు వీధిలో ఉన్నవాళ్ళకి ఆ మాట అందించేవారు. "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" "ఇప్పుడోనండీ?" "ఆఁ, అక్కడే, అక్కడే ఉంచండి!" ఇలా ఓ గంట నడిచేది. బొమ్మ కుదిరాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరిపోయేవారు. ఆయన పైన ఒక్కరే మిగిలి, తీగకి ముడులేసుకుని దిగొచ్చేవారు. అంతమందికి బొమ్మ తెప్పించిన మనిషి, బొమ్మ వచ్చే క్షణాన ఎప్పుడూ మేడ మీదే.

ఒక విద్య మాత్రం ఆయనకి బాగా అబ్బింది. వచ్చిందని కింద నుంచి చెప్పినా ఒక్కోసారి దిగేవారు కాదు. పక్కూరు దెందులూరులో ఒకాయన భోజనానికి వేళవుతోందని విసుగొచ్చి, "వచ్చిందయ్యా బాబూ, దిగిరా," అన్నాడట. "రాలేదండీ," అన్నారట ఈయన మేడమీంచి. "టీవీ ముందు నేనున్నానా, నువ్వున్నావా?" "తమరేనండీ. కానీ మీ గొంతు రాలేదంటోందండీ. ఇంకోసారి చూసి చెప్పండి." చూస్తే నిజంగానే తెర నిండా చుక్కలే. ఇది చెప్పినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వేవారు.

ఆ తరవాత కేబులొచ్చింది. ఏడాది తిరిగేసరికి యాంటెన్నా అడిగే దిక్కు లేదు. కేబులు వేసే ఆయన ఒకరోజు బజార్లో నలుగురి ముందూ, "మీ యాంటెన్నాలు బట్టలారేసుకోడానికి భలేగా ఉన్నాయండి సాయిబుగారూ," అన్నాడట. ఈయనకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "నా కంఠంలో ప్రాణం ఉండగా మీ తీగ నా గుమ్మం దాటదండీ," అనేశారు. అంత కోపంలోనూ అండీ వదల్లేదు చూడండి. అన్నమాట నిలబెట్టుకున్నారు. ఫాన్లకీ మిక్సీలకీ వైండింగు చేసుకుంటూ బతికారు గానీ, ఇంట్లోకి తీగ రానివ్వలేదు. పిల్లల్లేరు ఆ ఇద్దరికీ. వాళ్ళావిడ మధ్యాహ్నం పూట మూడిళ్ళ అవతలికి వెళ్ళి సీరియలు చూసొచ్చేవారు.

నేను అప్పట్లో ఒక సెల్‌ఫోన్ కంపెనీకి టవర్లు చూసే టెక్నీషియన్ని. ఇంకా ఏలూరుకి మకాం మార్చలేదు, తాడేపల్లిగూడెం నుంచి రోజూ పొద్దున్నే పాసింజరెక్కి ఏలూరొచ్చేవాణ్ణి. పెదవేగి నుంచి కొల్లేటికోట దాకా ఏ టవరు దగ్గర డీజిలుందా, బ్యాటరీలున్నాయా అని చూసుకోవడమే నా ఉద్యోగం. సాయిబుగారు మాత్రం నన్ను ఇంజినీరుగారనేవారు. నేనూ కాదనలేదు.

మా కంపెనీవాళ్ళు "సెల్లులోనే టీవీ, ఎక్కడున్నా చూడండి" అని ఊరంతా బోర్డులు పెట్టించిన ఏడాది అది. ఒకరోజు ఆయన కొత్త ఫోను రెండు చేతుల్తో పట్టుకుని మా ఆఫీసుకొచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"ఇంజినీరుగారూ, బొమ్మ మళ్ళీ గాల్లోకి వచ్చేసిందండీ! తీగ లేదు, కేబులు లేదు. తీగ నా గుమ్మం దాటదని నేను ఆరోజే అన్నానా లేదా?"

"అన్నారండీ. ఇంతకీ ఏం పని మీద వచ్చారు?"

"మా ఇంట్లోవాళ్ళకి కాళ్ళు పడిపోయాయండీ. మంచం మీదే ఉంటున్నారు. సీరియలుకి వెళ్ళలేకపోతున్నారు. ఇందులో వేసి చూపిద్దామంటే బొమ్మ సగం వచ్చి ఆగిపోతోందండీ. మీ టవరు మొహం మా వీధి వైపు ఒక్క పిసరు తిప్పించండి, చాలు."

మా టవరు మొహం తిప్పితే ఒరిగేదేమీ లేదు. అది మనుషుల మాటలు మోయడానికి పెట్టిన టవరు. మధ్యాహ్నం పూట ఊరంతా ఫోన్లలో మాట్లాడుతుంటే బొమ్మకి దారే మిగలదు. కంపెనీ బోర్డులైతే పెట్టింది గానీ ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ ముక్క అక్కడే చెప్పేసి ఉండాల్సింది. క్యారేజీ చల్లారిపోతోందని, "వచ్చే వారానికి బాగవుతుందండీ," అన్నాను. వచ్చే వారం అన్నది ఆ రోజుల్లో నా ఊతపదం. ఎవర్నయినా గుమ్మం దాటించాలంటే అదే అనేవాణ్ణి.

ఆయన దాన్ని పట్టుకున్నారు. వారానికోసారి వచ్చేవారు. ఎనిమిదో తొమ్మిదో వారాలయ్యాక, పోనీ ఓసారి చూద్దామని ఒక మధ్యాహ్నం వాళ్ళ వీధికి వెళ్ళాను.

మసీదు వెనక ఇరుకు సందులో పెంకుటిల్లు. సందులో, కిటికీ బయట, ముక్కాలిపీట మీద నిలబడి ఉన్నారాయన. నమాజు టోపీ మీద తడి తువ్వాలు కప్పుకున్నారు. చెయ్యి తలపైకెత్తి, ఫోనుని కిటికీ ఊచలకి ఆనించి, తెర లోపలి వైపుకి తిప్పి పట్టుకున్నారు. ఇంటిలోపల కన్నా బయట ఎత్తులో సిగ్నలు బాగుంటుందని కనిపెట్టారట. ఇయర్‌ఫోను వైరుకి ఇంకో వైరు అతికి, ఊచల్లోంచి లోపలికి వదిలారు. మంచం కిటికీకి ఆనించి ఉంది. ఆవిడ ఆ వైరు చెవిలో పెట్టుకుని, తలెత్తి చూస్తున్నారు. అంటే బొమ్మా ఆవిడకే, మాటా ఆవిడకే. ఈయనకి కనపడేది ఎదురింటి గోడ.

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చిందండీ."

"కదలకుండా ఉందా?"

"బ్రహ్మాండంగా ఉందండీ. చెయ్యి నొప్పెడుతుందేమో, కాస్త దింపండి."

"నా చెయ్యి సంగతి వదిలెయ్యండి. మీరు చూడండి."

ఆ ఎండలో, అరగంట పాటు, అరవై దాటిన మనిషి అలాగే నిలబడ్డారు. ఫర్వాలేదు, ఎలాగో బొమ్మయితే వస్తోంది కదా అనుకుని మెల్లిగా వెనక్కొచ్చేశాను. మనసులో ఎక్కడో బరువు దిగినట్టయింది కూడా.

అప్పటినుంచి సాయంత్రాలు టీకొట్టు దగ్గర కనిపిస్తే ఆయన నాకు సీరియలు కథ చెప్పేవారు. ఆవిడ చూస్తారు, ఆయన దిగి లోపలికెళ్ళాక ఆవిడ ఈయనకి చెప్తారు, ఈయన నాకు చెప్తారు. అత్తగారు కోడల్ని గెంటేసిందండీ అనేవారు. ఆ పిల్ల కుట్టుమిషను మీద బతుకుతోందండీ, భలే ధైర్యం గల పిల్లండీ అనేవారు. అత్తగారికి జబ్బు చేస్తే ఈ పిల్లే వెళ్ళి గంజి కాచి పోసిందని చెప్పిన రోజు, ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

అదే సీరియలు గూడెంలో మా అమ్మా చూసేది. ఒకరాత్రి అన్నం పెడుతూ, "పాపం, ఆ కోడలు జైల్లో పడి నెల్లాళ్ళయిందిరా," అంది.

"జైలేమిటమ్మా? కుట్టుమిషను కొనుక్కుందిగా?"

"నీ మొహం. కుట్టుమిషనెక్కడిదిరా? విషం పెట్టిందని అత్తగారే జైల్లో పెట్టిస్తేనూ! ఏ సీరియలు చూసొచ్చి చెప్తున్నావు?"

అప్పుడే నాకు అనుమానం మొదలయింది. ఆ తరవాతి వారం సాయిబుగారు, "ఆ పిల్ల పుట్టింటికి బస్సెక్కిందండీ, దెందులూరు దగ్గర వానొచ్చి బస్సు ఆగిపోయిందండీ," అని చెప్పినప్పుడు నాకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. హైదరాబాదులో ఎక్కడో తీసే సీరియల్లో దెందులూరేమిటి, నా తలకాయ!

మర్నాడు ఆయన నమాజుకి వెళ్ళిన వేళ చూసి ఇంటికి వెళ్ళాను. ఆవిడ మంచం మీంచే కూర్చోమన్నారు.

"బొమ్మ రావడం లేదుగదండీ అమ్మా?"

ఆవిడ నవ్వేశారు. "ఒక చక్రం తిరుగుద్ది బాబూ. అరగంటసేపూ అదే. ఎప్పుడన్నా ఒక మొహం వచ్చి, నోరు తెరిచి, అలాగే ఉండిపోద్ది."

"మరి వచ్చిందని ఎందుకు చెప్తున్నారండీ? కేబులు పెట్టించమని అడక్కూడదా?"

"ఆ మాట నా నోటంట రాదు బాబూ. ఆయన మేడలు దిగి పన్నెండేళ్ళయింది. ఇన్నాళ్ళకి మళ్ళీ బొమ్మ వచ్చిందా అని అడుగుతున్నారు. ఆ గొంతు విన్నారా మీరు? రాలేదని ఎట్టా చెప్పమంటారు?" కాసేపు ఊచల వైపు చూశారు. "ఒక్కసారి నిజంగా రాదంటారా బాబూ? ఈ అబద్ధం మొయ్యలేకపోతున్నాను. ఒక్కరోజు వస్తే చాలు. ఆ రోజు నోరారా చెప్తాను ఆయనకి, వచ్చిందండీ అని. ఈ సంగతి మాత్రం ఆయనకి చెప్పకండి."

చెప్పనని మాటిచ్చాను. బయటికొచ్చి బండెక్కాను. నా ఊతపదం ఒకటి ఆ మనిషిని ఎండలో నిలబెట్టింది, ఈవిడ చేత కథలల్లించింది. ఎలాగైనా ఆవిడకి ఒక్కసారి బొమ్మ చూపించాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

ఆలోచిస్తే కొల్లేటికోట తట్టింది. అక్కడా మా టవరుంది. చుట్టూ నీళ్ళూ చెరువులూ. మధ్యాహ్నం పూట జనం చెరువుల మీద పనిలో ఉంటారు, ఫోన్లు మాట్లాడేవాళ్ళే ఉండరు. టవరు మొత్తం ఖాళీ. ఓ సోమవారం టవర్లకి డీజిలు మోసే జీపులో సాయిబుగార్ని ఎక్కించుకుని వెళ్ళాను. దారంతా ఆయన కొంగల్ని చూడలేదు, నీళ్ళని చూడలేదు. దూరం నుంచే టవరుని చూస్తూ, "మంచి ఎత్తుందండీ, బాగా బిగించారండీ," అంటున్నారు.

సీరియలు వేళకి గట్టు మీద నిలబడి ఫోను తీశారు. అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి, తెర నా వైపు తిప్పి, "బొమ్మ వచ్చిందా?" అన్నారు.

వచ్చింది. చక్రం లేదు, ఆగడం లేదు. మనిషి మనిషిలా కదులుతోంది.

"వచ్చిందండీ సాయిబుగారూ! మీరే చూడండి!" అని ఆయన చేతిని కిందికి దించి తెర ఆయన వైపే తిప్పాను. తిప్పాక గాని నేను చేసిన తెలివితక్కువ పనేమిటో నాకు తెలియలేదు. తెరమీద ఆ కోడలు జైలు ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. అత్తగారు బయట నిలబడి నవ్వుతోంది. గంజీ లేదు, కుట్టుమిషనూ లేదు, దెందులూరు బస్సూ లేదు.

ఆయన చివరిదాకా చూశారు. రెప్ప వెయ్యలేదు. అయిపోయాక ఫోను జేబులో పెట్టుకుని, నా తల మీదుగా చాలాసేపు నీళ్ళకేసి చూశారు.

"శుక్రవారం ఆవిణ్ణి తీసుకొద్దామండీ," అన్నారు. "జీపులో పరుపు వేద్దాం. ఒక్కసారి నిజంగా చూడాలండీ ఆవిడ." అనేసి జీపు వైపు నడిచారు.

శుక్రవారం పొద్దున పెదవేగి టవరు దగ్గర జనరేటరు ఆగిపోయింది. పై అధికారి ఫోన్లో నానా మాటలూ అన్నాడు. జీపు అటు పోయింది. ఇంకో బండి మాట్లాడొచ్చు, సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి నచ్చజెప్పొచ్చు. అవేవీ చెయ్యలేదు. ఫోను చేసి, "వచ్చే వారం వెళ్దామండీ సాయిబుగారూ," అన్నాను.

"అలాగేనండీ. ఆవిడ కొత్త చీర కట్టుకుని కూర్చున్నారండీ. చెప్తాలెండి," అన్నారు.

బుధవారం తెల్లారేసరికి ఆవిడ లేరు. రెండు రోజుల జ్వరమట. మరుసటి శుక్రవారానికి జీపు ఖాళీగానే ఉంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక ఆయన ఆఫీసుకొచ్చారు. సిమ్ము తిరిగిచ్చేస్తానన్నారు. ఫారం రాస్తూ, తల దించుకునే, "నన్ను క్షమించండి సాయిబుగారూ," అన్నాను. "ఆ శుక్రవారం నేను వచ్చి ఉంటే..."

"మీదేం లేదండీ. నాకు మొదటిరోజే తెలుసు."

"ఏమిటండీ?"

"బొమ్మ రావట్లేదని. పదేళ్ళపైన మేడల మీద నిలబడ్డవాణ్ణి. ఆవిడ వచ్చిందండీ అన్న మొదటిరోజే గొంతు చెప్పేసింది." ఫోను బల్లమీద పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచారు. "మూడిళ్ళ అవతల నుంచి తీగ లాగితే పది నిముషాల పనండీ. ఎప్పుడో అన్న పొగరు మాటనే పట్టుకుని కూర్చున్నాను. పాపిష్టివాణ్ణి. తరవాత పోనీలే, పెట్టించేద్దాం అనుకున్నానండీ. ఈలోపు ఆవిడ కథ మొదలెట్టారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నాకు అన్నేసి మాటలు చెప్పలేదండీ. తీగొచ్చేస్తే ఆవిడ కథ ఆగిపోద్దిగదండీ? అందుకని పెట్టించలేదు. రోజూ పీటెక్కి నిలబడ్డాను."

ఫారం ఆయన ముందుకి జరిపాను. ఆయన సంతకం పెట్టారు.

వెళ్ళడానికి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఇంజినీరుగారూ, ఆ పిల్ల బస్సు దెందులూరు దగ్గర ఆగిపోయిందని చెప్పానా? వాన తగ్గట్లేదని చెప్పారండీ ఆవిడ. జ్వరంలో కూడా అదే చెప్పారు. తరవాత ఇంక చెప్పలేదు. ఆ పిల్ల పుట్టింటికి చేరిందంటారా?"

"మా అమ్మ చూసేదాంట్లో..."

"అది కాదండీ. మా ఇంట్లోవాళ్ళ దాంట్లో."

గొంతు సవరించుకున్నాను. "చేరిందండీ," అన్నాను.

ఆయన నా తల మీదుగా ఎక్కడో చూశారు. తరవాత నెమ్మదిగా నా మొహంలోకి దిగారు.

"చేరలేదండీ," అన్నారు, మెత్తగా. "ఇంకోసారి చూసి చెప్పండి."

ఆ తరవాత నేను ఆయన కంటపడకుండా తిరిగాను. ఆ వీధి మీదుగా వెళ్ళాల్సొస్తే చుట్టుతిరిగి వెళ్ళాను. చెప్పడానికి నా దగ్గరేమీ లేదు మరి. ఇప్పుడు ఆయనే లేరు.

మొన్న మేడ మీద కళ్ళు తుడుచుకుని, ఆ యాంటెన్నా వైపు తిరిగి, "చేరిందండీ సాయిబుగారూ, వాన తగ్గింది, ఆ పిల్ల ఇంటికి చేరింది," అని పైకే అన్నాను. ట్యాంకులోంచి ఆ మనిషి తలెత్తి చూశాడు. నా గొంతు నాకూ వినపడింది. ఆయనైతే మేడ దిగేవారు కాదు.